పంజగుట్ట చౌరస్తాలో సాయిలు సన్మానం

పొద్దున్నే మొగులు నల్లగా దిగింది గానీ చినుకు రాలలేదు. ఒక్క వాన పడితే బాగుండు, అట్ట మీది అక్షరాలు కారిపోతాయి అనుకున్నాడు సాయిలు, పంజగుట్ట చౌరస్తాలో ఆ అట్ట పట్టుకుని నిలబడి. "తాగి బండి నడపకండి" అని ఎర్రగా రాసి ఉంది దాని మీద. బోనాల దావత్ నుంచి స్కూటర్ మీద వస్తూ దొరికినందుకు, మూడు రోజులు ఇట్లా నిలబడమంది కోర్టు. పొద్దు గూకకముందు కదిలితే జైలే.

నిలబడటానికి ఫికర్ లేదు. ఫికరంతా పెళ్ళాం చంద్రమ్మతోనే. మందు ముట్టనని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మళ్ళీ తాగితే బట్టలు మూటగట్టి తమ్ముని ఇంటికి పోతానంది. అన్నది చేసే మనిషి. అందుకే, "జనానికి బుద్ధి చెప్పనీకి పోలీసోళ్ళు నన్ను ఏరి తీసుకున్నరు" అని చెప్పి బయటపడ్డాడు.

చంద్రమ్మ అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. మొగుని ఘనత ఆమె కడుపులో దాగుతుందా? రెండోనాడు మధ్యాహ్నం క్యారేజీతో ఆటో దిగింది. వెంట హాస్టల్ యజమానురాలు కమలకుమారి గారు, ఆవిడ చేతిలో శాలువా.

పారిపోదామంటే జైలు, నిలబడదామంటే శాలువా.

"ఈ రోజుల్లో ఇంత సేవ ఎవరు చేస్తున్నారండీ!" అంటూ ఆవిడ కప్పేసింది. బస్సులోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. చంద్రమ్మ కళ్ళొత్తుకుంది.

"మీరూ రెండు ముక్కలు మాట్లాడండి సార్," అంది కమలకుమారి గారు, కాపలా ఉన్న కానిస్టేబుల్ పెంటయ్యతో.

సాయిలు కళ్ళతోనే దండం పెట్టాడు. పెంటయ్య చూస్తేగా! సర్వీసు మొత్తంలో ఆయన్ని మాట్లాడమన్నవాళ్ళు లేరు. గొంతు సవరించుకున్నాడు.

"మస్తు మంచోడమ్మా. మిషన్ల ఊదమంటే ఊదిండు, ఉరకలే. జడ్జి మూడు దినాల శిక్ష ఏస్తే ఒక్క నిమిషం సుత ఎగ్గొట్టలే. తాగినోళ్ళందరు గిట్లుంటే మాకెంత సుకం!"

కమలకుమారి గారికి హఠాత్తుగా హాస్టల్లో పని గుర్తొచ్చింది.

చంద్రమ్మ శాలువా లాగి, మడిచి, పెంటయ్య భుజాన వేసింది. "నిజం చెప్పినోనికి కప్పాలె."

"తమ్మునింటికి పోతవా?" అన్నాడు సాయిలు, అట్ట చాటు నుంచి.

"నేనెందుకు పోత? ఎల్లుండి సంది గసుంటి అట్టే రాసుకోని మా హాస్టల్ గేటు కాడ నిలబడు. ఎన్ని దినాలో నేను చెప్త."

"అప్పీలు సుత లేదు తమ్మీ," అన్నాడు పెంటయ్య.

ఆమె మెట్రో స్తంభం మొదట్లో కూలబడి క్యారేజీ విప్పింది. అన్నం, పచ్చిపులుసు, మూడు గుడ్లు. సాయిలు ఎడమచేత్తో అట్ట పైకెత్తి పట్టుకునే కూర్చున్నాడు. ముగ్గురూ తలా ఒక గుడ్డు వేసుకుని తిన్నారు.