ఆదివారం మూడు నిమిషాలు

నేను ఒక ఎర్రరంగు ల్యాండ్‌లైన్ ఫోన్‌ను. ప్రస్తుతం గుంటూరులో ఒక పాత సామాన్ల కొట్టులో, విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. నన్ను చేసినవాళ్లు మాటలు వినడానికి, మోయడానికి కావలసినవన్నీ అమర్చారు కానీ, నా అంతట నేను ఒక్క మాట అనే వీలు మాత్రం ఇవ్వలేదు. అదొక లోటని చాలాకాలం నాకు తోచలేదు.

నా మొదటి యజమాని పెళ్లి సంబంధాలు చూసే రామలింగయ్య. నా ద్వారా ఆయన అబ్బాయిల జీతాలూ అమ్మాయిల ఎత్తూ పెంచేవాడు. అవతలివాళ్లూ తక్కువ తినలేదు. మనుషులు ఫోన్లో నిజం చెప్పరని అక్కడే తెలుసుకున్నాను. సెల్‌ఫోన్లు వచ్చాక ఆయన ఆఫీసు మూసేసి, నన్ను ఊరి చివర ఉన్న ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ హాస్టల్‌కు ఇచ్చేశాడు.

అక్కడ సెల్‌ఫోన్లు నిషేధం. ఆదివారం టిఫిన్ అయ్యాక పిల్లలు నా ముందు వరస కట్టేవారు. మనిషికి మూడు నిమిషాలు. వార్డెన్ భానుమతి మేడం గడియారం, పేర్ల జాబితా పట్టుకుని పక్కనే కూర్చునేది. ఇళ్ల నుంచి అడిగేవి మూడే: తిన్నావా, చదువుతున్నావా, ఈ వారం ఎన్ని మార్కులు వచ్చాయి? ఈ మూడో ప్రశ్న రాగానే పిల్లలు నా తీగను వేలికి చుట్టుకునేవారు, వేలు పాలిపోయేదాకా.

మొదటి ఏడు చంద్రకళ అనే అమ్మాయి నిద్ర పట్టడం లేదని నాలుగు వారాలు వరసగా తండ్రికి చెప్పింది. ఆయన పాలు తాగి పడుకోమన్నాడు. దసరా సెలవులకు ముందు ఆ పిల్ల తన ప్రాణం తానే తీసుకుంది. కాలేజీకి ఒకరోజు సెలవిచ్చారు. ఆ ఆదివారం జాబితాలో ఆమె పేరు మీద గీత కొట్టి, ఆమె మూడు నిమిషాలూ తరువాతి పిల్లకు కలిపారు. ఆ పిల్ల ఆరు నిమిషాలూ ఏడ్చింది. ఇంటి మీద బెంగ కాబోలనుకుంది వాళ్లమ్మ.

మరుసటి ఏడు పలాస నుంచి బమ్మిడి సుహాసిని వచ్చింది. తల్లి అప్పలనర్సమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. పదో తరగతిలో మండలానికి మొదటి స్థానం వచ్చిన పిల్ల. మొదట్లో ఆమెకు మూడు నిమిషాలు ఏ మూలకూ సరిపోయేవి కావు. కూరలో రాయి వచ్చిందనీ, పక్క మంచం మెహరున్నీసా నిద్రలో లెక్కలు చెబుతుందనీ నవ్వుతూ చెప్పేది. వారం వారం పరీక్షలు పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. ఆమె మొదటి సెక్షన్ నుంచి మూడోదానికి, అక్కడి నుంచి చివరిదానికి జారింది. దీపావళి నాటికి రెండు నిమిషాలకే మాటలు అయిపోయేవి. తరువాత తల్లి ఒక్కతే మాట్లాడేది, ఈమె ఊఁ కొట్టేది. తల దువ్వుకోవడం మానేసింది. నన్ను ఎత్తడానికే బరువైనట్టు రెండు చేతులతో పట్టుకునేది.

డిసెంబరులో ఒక ఆదివారం, గొంతులో ఏ తడీ లేకుండా అంది.

"అమ్మా, నాకు ఉండాలని లేదు."

హాస్టల్లో ఉండాలని లేదనుకుంది తల్లి. "ఇంకెంతమ్మా, నాలుగు నెల్లు. ఓర్సుకో తల్లీ."

సుహాసిని సరేనంది. ఆ 'సరే' ఎలాంటిదో నాకు తెలిసింది. అలాంటిదే చంద్రకళ నోట విన్నాను. ఆమె నన్ను నెమ్మదిగా పెట్టేసి వెళ్లిపోయింది.

తరువాతి వంతు, వెనకే నిలబడి అంతా విన్న మెహరున్నీసాది. అందరూ మెహర్ అంటారు. అద్దంకిలో వాళ్ల అబ్బాజాన్ ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటాడు. ఆమె ఆ నంబరు కొట్టలేదు. ముందు కొట్టిన నంబరునే మళ్లీ కలిపే రీడయల్ మీట నొక్కింది.

"ఆంటీ, నేను మెహర్‌ని. తను అన్నది హాస్టల్లో ఉండాలని లేదని కాదండీ. అసలు బతకాలనే లేదంటుంది. నెల నుంచి అంటానే ఉంది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టేయించుకుంది."

వార్డెన్ తలెత్తింది. ఇలాంటివి ఇక్కడ మాట్లాడకూడదంటూ, లైను కట్ చేయడానికి నా మీటవైపు చెయ్యి చాపింది. మెహర్ నన్ను బల్ల మీంచి ఎత్తి పొట్టకు అదుముకుంది. ఆ పిల్ల గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో నాకు వినిపించింది.

"మీరు రండి ఆంటీ. రేపు కాదు, ఈరోజే."

పలాస వైపు తల్లి తన భర్తను కేకేసి పిలవడం వినిపించింది. తరువాత అప్పలనర్సమ్మ అంది, "దాన్ని ఒంటరిగా ఒగ్గీకమ్మా. మేం బయల్దేరిపోతన్నాం."

మెహర్ ఆ రోజంతా సుహాసిని చెయ్యి వదల్లేదట. స్నానాల గది బయట కూడా నిలబడిందట. నమ్మకద్రోహం చేశావని సుహాసిని అందరి ముందూ తిట్టిందట. పిల్లలు నా పక్కన చెప్పుకుంటుంటే విన్నాను.

మర్నాడు సుహాసిని తల్లిదండ్రులు వచ్చారు. పరీక్షల ముందు అందరికీ ఉండే భయమేనని, ఇప్పుడు తీసుకెళ్తే ఏడాది పోతుందని భానుమతి మేడం నచ్చజెప్పబోయింది. అప్పలనర్సమ్మ పప్పు ఒలిచి నల్లబడ్డ వేళ్లను ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుంది.

"ఏడాది సంగతి నన్నడక్కండి మేడమ్. పిల్లనివ్వండి."

ఇచ్చారు. మెహర్ గుమ్మం దాకా వెళ్లింది. సుహాసిని వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు నెలలకు ఒక ఆదివారం నేనే మోగాను. బయటి ఫోన్లు పిల్లలకు ఇవ్వరు. భానుమతి మేడం సుహాసిని గొంతు గుర్తుపట్టింది. మెహర్‌ను పిలిపించి, నన్ను ఆమె చేతిలో పెట్టి, తాను వరండాలోకి వెళ్లిపోయింది.

"నీ మీద కోపం పోలేదు," అంది సుహాసిని.

"పోకపోయినా పర్లేదు."

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూస్తోందట. మందులకు నిద్ర వస్తోందట. కొన్ని రోజులు బాగానే ఉంటుంది, కొన్ని రోజులు మళ్లీ అదే బరువట. అలాంటి రోజు వాళ్లమ్మ పనికి వెళ్లకుండా పక్కనే కూర్చుంటుందట. ఏమీ అడగదట.

వచ్చే వారం కూడా చేస్తానంది. చేసింది. అలా ఏడు వారాలు చేసింది. ఏప్రిల్‌లో కొత్త పద్ధతి ఏదో వచ్చి నా తీగ పీకేశారు. ఆ తరువాతి సంగతులు నాకు తెలియవు. బాగైపోయిందని చెబితే రామలింగయ్యకూ నాకూ తేడా ఉండదు.

ఆ ఏడో ఆదివారం మెహర్, సెలవుల్లో ఇక్కడికి చెయ్యమంటూ తన అద్దంకి ఇంటి నంబరు చెప్పింది. సుహాసిని ఉండమని, పెన్ను వెతికి తెచ్చి రాసుకుంది. రాసుకున్నది తిరిగి చదివింది. ఒక అంకె తప్పు పడింది. దిద్దుకుని, మళ్లీ మొదటి నుంచి చదివింది.