ఆవిడనే చెప్పనివ్వండి

గరిటె బొమ్మ చూపించి, "ఇదేమిటమ్మా?" అని అడిగింది ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి. గరిటె నాకు తెలియకపోవడమా! ఇరవై ఆరేళ్లుగా చేతికి ఆరో వేలులా ఉన్న వస్తువు. దాని పేరు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "గ... గ..." అంటుండగానే పక్కనున్న మా ఆయన "గరిటె" అనేశారు, మార్కులన్నీ తనకే కావాలన్నట్టు.

"పాఠం మీకు కాదు సార్," అంది ఆ అమ్మాయి నవ్వుతూనే. "ఆవిడనే చెప్పనివ్వండి."

ఇద్దరూ ఆగారు. గరిటె అనేసరికి నాకు చెమటలు పట్టాయి, ఆపైన ఏడుపొచ్చింది. పెళ్లయినప్పటినుంచి నా మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు లేరు. "నేననుకునేదేంటంటే" అనగానే అత్తగారు "సర్లే, ముందు పొయ్యి మీద కూర చూడు" అనేవారు. నేను పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టారైతే నా సగం మాట అందుకుని, మీటింగులో తన మాటగా చెప్పేసేవారు.

పక్షవాతం రాగానే చేర్చిన ఆసుపత్రిలో ఆరు రోజులు మూటలా పడి ఉన్నాను. మందులిచ్చారు, సెలైన్ ఎక్కించారు, వాళ్ల తప్పేం లేదు. పక్షవాతానికే ప్రత్యేకమైన ఈ వార్డుకి మార్చాక, ముందు మింగగలనో లేదో చూసి అప్పుడు నీళ్లు పట్టారు. మర్నాడే ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. డాక్టరు, నర్సు, నడక నేర్పే అతను, ఈ అమ్మాయి వారం వారం కూర్చుని నా గురించే మాట్లాడుకుంటారు. మూడో వారానికి నాలుగడుగులు వేశాను. మాటలు ఓ ఇరవై వచ్చాయి.

ఆ గరిటె పాఠం రోజే డాక్టరుగారు అసలు సంగతి ఎత్తారు. "ఇంకో నెల ఇక్కడే ఉంటే మాట బాగా మెరుగయ్యే అవకాశం ఉంది. ఇప్పుడే ఆపేస్తే ఎంతవరకు వస్తుందో చెప్పలేను."

"నడుస్తోందిగా సార్. ఇంట్లో నాలుగు పనులు చేసుకుంటే అదే ఎక్సర్‌సైజు," అన్నారు మా ఆయన.

"మాటదేముంది బాబూ, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి?" అని వంత పాడారు, నన్ను చూడ్డానికొచ్చిన అత్తగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మీరేమంటారమ్మా?"

"నే... నేను..."

"వచ్చేస్తానంటోంది," అన్నారు మా ఆయన.

ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

"నేను... ఇక్కడే... ఉంటాను."

ఆయన తెల్లబోయారు. "మరి ఇల్లెవరు చూస్తారు?"

ఈసారి జవాబు కోసం తడుముకునే పని లేకపోయింది. "మీరే" అన్న మాట నాలుక చివరే ఉంది. కానీ చెప్పలేదు. అది ఆయన నోటినుంచే రావాలి.