మూడు మెట్లు పైన

ఆదివారం మధ్యాహ్నం నోరియే తన బార్ తలుపు తీసేసరికి ఇసుజు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటోంది. కుషిరో రేవు మీద పొగమంచు ఇంకా విడలేదు.

"ఏమే, రాత్రి నిద్రపోయావా?" అంది నోరియే.

"గుర్రుపెట్టి నిద్రపోయానక్కా. భయపడేవాళ్ళకి కదా నిద్ర పట్టనిది?"

నోరియే నవ్వి లోపలికి దారిచ్చింది. కౌంటర్ వెనక అరలో రోజూ వచ్చేవాళ్ళ విస్కీ సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కో సీసా మెడలో ఒక్కో పేరు చీటీ. చివర ఒక సీసా ఏడాదిగా సగంలో ఆగిపోయి ఉంది. దాని మీద పేరు హత్సుయే.

ఆ బార్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి పాట వాళ్ళది. ఒకరు తమదనుకున్న పాటను ఇంకొకరు ముట్టుకుంటే పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టే. పాట గలవాళ్ళు పోతే ఏడాది దాకా దాన్నెవరూ పాడరు. ఆ తర్వాత కావాలన్నవాళ్ళు అందరి ముందూ పాడాలి. శ్రుతి పెంచకూడదు, తగ్గించకూడదు. సంగీతం వాయించి, పాడినదానికి మార్కులేసే కరావోకె మిషన్ ఎవరికి ఎక్కువ ఇస్తే పాట వాళ్ళది. సంగీతం మొదలయ్యాక ఆపమన్నారా, ఆశ వదులుకున్నట్టే.

హత్సుయే పాట "మంచులో ఆఖరి పడవ". ఊళ్ళో దాన్ని ముట్టుకోవడానికే జంకేవాళ్ళు. చివరి చరణంలో ఉన్నట్టుండి శ్రుతి మారి కొండెక్కుతుంది. ఊపిరి తీసుకునే సందు ఉండదు. హత్సుయే, ఇసుజు ఇద్దరూ బస్ డిపోలో పనిచేశారు. ఆస్పత్రి మంచం మీద హత్సుయే అన్న మాట ఇసుజు చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. "నా పాట మూలన పడెయ్యకే. నువ్వు పాడు. కానీ శ్రుతి దించి పాడావో, దెయ్యమై వచ్చి నీ పక్కనే కూర్చుంటా."

ఏడాదిగా ఇసుజు ఖాళీ బస్సుల్లో కూర్చుని ఆ పాట సాధన చేసింది. గడువు తీరింది, ఇవాళే పోటీ. ఆ చివరి చరణం ఇప్పుడు ఆమె గుప్పిట్లో ఉంది.

తలుపు గంట మోగింది. టెరుకో వచ్చింది. ఊళ్ళో పెద్ద బ్యూటీ పార్లర్ ఆమెది. మెడలో ఎర్ర పట్టు కండువా, వెనక ఇద్దరు ముగ్గురు చెలికత్తెలు. ఈ పాటతో టీవీ పోటీకి వెళ్ళాలని ఆమె కోరిక.

"ఇసుజూ, నువ్వూ పాడుతున్నావా? డిపోలో బస్సుల పేర్లు పిలిచే గొంతుతోనా? ఓడ హారన్ మోగిందనుకుని పడవలన్నీ రేవుకొచ్చేస్తాయేమో!"

"రానీండి టెరుకో గారూ. వినేవాళ్ళు ఎక్కువైతే నాకే మంచిది."

ముందుగా బున్‌పెయి తాత సరదాకి మైకు అందుకున్నాడు. ఓపిక ఉన్నంత కాలం సముద్రంలో స్క్విడ్ వేట చేసిన మనిషి. ఆయనకి ఆడవాళ్ళ పాటలంటే ప్రాణం. పెళ్ళికూతురు పాడే పాటని రంపంతో దుంగ కోస్తున్నట్టు పాడాడు. మిషన్ ఎనభై ఎనిమిది ఇచ్చింది.

"ఈ మిషన్‌కి చెవుడా ఏం?" అంది టెరుకో.

"చెవుడు కాదమ్మా," అన్నాడు తాత గర్వంగా. "దానికి స్వరం తప్పకపోతే చాలు. పై స్థాయిలో పాడావా, కింది స్థాయిలో పాడావా అని అడగదు. అందుకే నేను దానికి పెళ్ళికూతుర్ని!"

బార్ అంతా నవ్వింది.

తర్వాత టెరుకో. ఆమె పాటకి వంక పెట్టడానికి లేదు. తెర మీద ఒక్కో స్వరానికీ ఉన్న గీతలన్నీ, అవి సరిగ్గా పలికినకొద్దీ ఒక్కొక్కటే వెలిగాయి. చివరి చరణంలో మాత్రం గొంతు జీరపోయి ఒకచోట గీత చీకటిగా మిగిలింది. తొంభై నాలుగు. చెలికత్తెలు చప్పట్లతో చెవులు పగలగొట్టారు.

"ఇక నీ వంతు ఇసుజూ," అంటూ నోరియే రిమోట్‌లో పాట నంబరు నొక్కి, దాన్ని కౌంటర్ మీద పెట్టి గ్లాసులు కడగడానికి అటు తిరిగింది.

ఇసుజు మైకు పట్టుకుని తెర ముందు నిలబడింది. అకార్డియన్ మొదలైంది.

మొదటి స్వరానికే ఆమె వెన్ను నిటారైంది. ఇది ఆమె ఏడాది పాటు విన్న స్వరం కాదు. పైన ఉంది. ఒక మెట్టు కాదు, రెండు కాదు, మూడు మెట్లు.

ఆమె తల తిప్పి చూసింది. కౌంటర్ మీద రిమోట్ కనిపించలేదు. అది ఉండాల్సిన చోట టెరుకో పట్టు కండువా పరిచి ఉంది. టెరుకో పైకప్పు కేసి చూస్తోంది.

ఆపమంటే పాట పోతుంది. ఇదే శ్రుతిలో పాడితే చివరి చరణంలో గొంతు చిరుగుతుంది. టెరుకో లెక్క బాగానే ఉంది.

సంగీతం ఇంకో రెండు ఊపిరుల దూరంలో పల్లవికి వస్తుంది. ఇసుజు కళ్ళ ముందు బున్‌పెయి తాత మెదిలాడు. రంపం, దుంగ, ఎనభై ఎనిమిది.

మామూలుగా అయితే ఈ పాట కింది స్థాయిలో పాడటం ఆమె వల్ల కాదు. మరీ పాతాళానికి పోతుంది. కానీ ఇప్పుడు టెరుకో పుణ్యమా అని మూడు మెట్లు పైకొచ్చి, ఆ పాతాళం సరిగ్గా ఓడ హారన్ దగ్గర ఆగింది.

'హత్సుయే, నేను దించడం లేదే. ఇది పెంచిన శ్రుతి' అనుకుంది ఇసుజు. నోరు తెరిచింది.

మంద్రంగా, నిండుగా వచ్చింది గొంతు. పొగమంచులోంచి పడవ వస్తున్నట్టు. చెలికత్తెల చేతుల్లో గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. నోరియే కుళాయి కట్టేసింది. తెర మీద ఒక్కో గీతా వెలుగుతూ పోయింది. చివరి చరణం కొండెక్కింది. ఇసుజు ఆ కొండ కిందుగా సొరంగంలో బస్సు దూసుకెళ్ళినట్టు దూసుకెళ్ళింది. ఒక్క గీత కూడా ఆరిపోలేదు.

తొంభై ఆరు.

బున్‌పెయి తాత కుర్చీ మీద చరిచాడు. "నా శిష్యురాలు!"

"చెల్లదు!" టెరుకో లేచి నిలబడింది. "ఇది ఎలా చెల్లుతుంది? అసలు శ్రుతిలో పాడాలి కదా? ఆ శ్రుతి మూడు మెట్లు పైన ఉంది!"

నోరియే చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా వచ్చింది.

"తెర మీద గీతలే కదా కనబడేది? శ్రుతి ఎంతో రిమోట్‌లోనే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఈ మిషన్‌తో వేగుతున్నాను, నాకే తెలియలేదు. ఎన్ని మెట్లో కూడా నీకెలా తెలిసిందమ్మా టెరుకో?"

నోరియే కండువా ఎత్తింది. కింద రిమోట్. దాని మీద వెలుగుతున్న అంకె, మూడు.

టెరుకో మొహం కండువా రంగుకి తిరిగింది. చెలికత్తెల్లో ఒకామె మెల్లగా కుర్చీ దూరం జరుపుకుంది.

"ఇక చెప్పేదేముంది? పాట ఇసుజుదే," అంది నోరియే.

"కాదక్కా," అంది ఇసుజు. "టెరుకో గారు చెప్పింది నిజమే. అసలు శ్రుతి కాదది. చెల్లదు. మళ్ళీ పెట్టు."

"పిచ్చా నీకు? గెలిచినదాన్ని కాళ్ళతో తంతావా?" అన్నాడు తాత.

"దెయ్యాన్ని నువ్వు పక్కన కూర్చోబెట్టుకుంటావా తాతా? నేను మాట ఇచ్చింది అసలు శ్రుతికి."

నోరియే ఈసారి రిమోట్ చేతిలోంచి వదల్లేదు. అకార్డియన్ మొదలైంది. ఇసుజు భుజాలు సడలించి నవ్వింది. ఇది తనకి తెలిసిన స్వరం. అడుగు నుంచి పాడి వచ్చిన గొంతు ఇప్పుడు వేడెక్కి ఉంది. పై స్థాయి తలుపు తీసి పెట్టినట్టుంది. చివరి చరణంలో టెరుకోకి జీరపోయిన చోట ఇసుజు తెర కేసి చూడలేదు. సగం సీసా కేసి చూసి పాడింది. అరలో సీసాలు సన్నగా గలగలమన్నాయి. హత్సుయే పాడినప్పుడూ అలాగే గలగలమనేవి.

తొంభై అయిదు. టెరుకో కన్నా ఒక్క మార్కు ఎక్కువ. అయినా అప్పటికి అందరూ నిలబడే ఉన్నారు, అంకె చదివినవాళ్ళు తక్కువ.

నోరియే ఆ సీసా దించి, హత్సుయే చీటీ తీసి తన చొక్కా జేబులో పెట్టుకుంది. కొత్త చీటీ మీద ఇసుజు పేరు రాసి కట్టింది. "పొయ్యవే. మొదటి గ్లాసు నీ చేత్తోనే."

ఇసుజు పోసింది. తనకి కాదు. తలుపు దగ్గర కోటు వేసుకుంటున్న టెరుకో ముందు పెట్టింది.

"తాగి వెళ్ళండి టెరుకో గారూ. మీరు శ్రుతి పెంచకపోతే నాకు కింద కూడా ఒక గొంతుందని తెలిసేదే కాదు."

టెరుకో కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"వచ్చే ఆదివారం నా సొంత పాటని మాత్రం నిన్ను ముట్టుకోనివ్వను," అంది కోపంగా, గ్లాసు అందుకుంటూ.

"ముట్టుకోనివ్వకండి. రిమోట్ మాత్రం నా పక్కనే పెట్టండి," అంది ఇసుజు.