పై చేను చివరి సీసా

నేను ఒక సీసాను. ఆకుపచ్చ గాజు, పొడుగు మెడ, ముప్పాతిక లీటరు కడుపు. నన్ను పోసేటప్పుడు ఇసుకతో పాటు పాత గాజుపెంకులు కూడా కొలిమిలో వేశారు. అందులో ఎవరి మందు సీసాలున్నాయో, ఎవరి చేతి గాజులున్నాయో నాకు తెలియదు. అందుకే పుట్టిన రోజు నుంచీ నా ఒంట్లో ఎవరో ముందే కాపురముంటున్నారన్న అనుమానం నన్ను వదల్లేదు.

నాలో పోసింది తెల్ల వైన్. మదనపల్లె దాటాక ఒక గుట్టవాలులో రెండెకరాల ద్రాక్షతోట ఉంది. దాన్ని పై చేను అంటారు. నేలంతా గరుసు, కాస్త తవ్వితే సున్నపు గడ్డలు. ఎంత వాన పడినా నీళ్లు నిలవవు. తూర్పు వాలు కనుక పొద్దుటెండ నిండుగా తగులుతుంది, మధ్యాహ్నం దాటితే గుట్ట నీడ పడుతుంది, చీకటయ్యాక చల్లగాలి దిగుతుంది. ఎండ కాయకు తీపినిస్తే, ఆ చలి పులుపును కాపాడుతుంది. వేర్లు తేమ వెతుక్కుంటూ రాళ్ల సందుల్లోకి లోతుగా పోవాల్సిందే. అంత కష్టపడ్డ తీగకు కాసేది గోలీలంత కాయలు. కానీ వాటి రసంలో, కాగిన బండ మీద తొలి చినుకు పడినప్పటి వాసన ఉండేది.

పట్టా గంగులప్ప పేరున ఉన్నా ఆ చేను అతని భార్య రెడ్డెమ్మదే. కొమ్మలు కత్తిరించేది ఆమె, గుత్తులు పలచన చేసేది ఆమె. కోతకు ముందు కాయ నోట్లో వేసుకుని గింజ కొరికి చూసేది. వైన్ కంపెనీ నుంచి వచ్చే ఫిలోమినా మేడమ్ మిషన్‌తో తీపి కొలిచేలోపే, "ఇంగ మూడు దినాలుండనీమ్మా" అని తేల్చేసేది. చివరికి మిషన్ కూడా అదే మాట చెప్పేది. ఇంత తెలిసిన ఆమె గానీ, ఆమె మొగుడు గానీ ఆ వైన్‌ను చుక్కయినా తాగి ఎరగరు. మనుషుల సంగతే అంత.

ఆలుమగలిద్దరికీ ఒకటే తగవు. ఆ సీమలో వేసవికి చెరువు ఎండితే రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటారు. నేలకు అంతకన్నా బలం లేదని తాతల నాటి నమ్మకం. పై చేనుకు కూడా తోలదామని గంగులప్ప ఏటేటా అడిగేవాడు. రెడ్డెమ్మ ఒప్పుకునేది కాదు. "కడుపు నిండిన తీగ ఆకు పెంచుకుంటాది గానీ కాయకేం పెడ్తాదయ్యా? నేనుండగా ఆడ ఒక్క గంప మట్టి పడేందుకు లేదు" అనేది. ఈ మాట తర్వాత గంగులప్పే నాతో చెప్పుకున్నాడు.

నాలో ఉన్న పంట కోసిన రెండు నెలలకే రెడ్డెమ్మ జ్వరంతో పోయింది. మరుసటి ఎండాకాలం మొదట్లో ఫిలోమినా మేడమ్ నన్ను తెచ్చి గంగులప్ప చేతిలో పెట్టింది. "ఇది ఆమె చివరి కాపు. దాచుకో" అంది. అతను నన్ను భార్య ఫోటో పక్కన నిలబెట్టి, మెడ కింద కుంకుమ బొట్టు పెట్టాడు.

"సారాయి సీసాకు బొట్టేందిరా, సిగ్గు లేకుండా?" అని అతని పిన్నమ్మ గదమాయించింది.

"నీ కోడలు ఉండాది పిన్నమ్మా ఇందులో" అన్నాడు.

నేను నవ్వుకుందామనుకున్నాను, నవ్వలేకపోయాను. ఇంట్లో ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం, నా లోపల ఎవరో గింజ కొరికిన చప్పుడు వినిపించేది. భయం వేసేది నాకు.

ఆ వేసవిలోనే చెరువు ఎండింది. "ఉన్నన్నాళ్లూ దానికి కడుపునిండా పెట్టలేకపోతి. దాని తీగలన్నా తిననీ" అని గంగులప్ప పై చేనుకు నలభై ట్రాక్టర్ల మట్టి తోలాడు. వద్దని అరవాలనిపించింది. నాకు నోరైతే ఉంది గానీ, దానికి బిరడా బిగించి ఉంది.

తీగలు విరగబడి పెరిగాయి. ఆకు దట్టమైంది, కాయ ఉబ్బింది, ఊరంతా మెచ్చుకుంది. రెండు కాపులు కోశాక ఫిలోమినా మేడమ్ మరో సీసాతో వచ్చింది.

"గంగులప్పా, పై చేను వైన్‌లో రుచి పోయింది. ఆ తీగలు పీకేసి వేరే రకం పెట్టమంటున్నారు మా వాళ్లు."

"నా పెండ్లాం నాటిన తీగలమ్మా అవి! అంత పచ్చంగా ఉంటే పీకేదేంది? రుచి యాడికి పోతాది?"

ఆమె నా వైపు చూసింది. "అదీ ఇదీ పక్కపక్కన తాగి చూడు. తేడా లేదని నువ్వంటే, తీగల కోసం మా వాళ్లతో నేను కొట్లాడతా."

గంగులప్ప నన్ను తీసుకుని గుండెకు ఆనించుకున్నాడు. తెరిస్తే నేను ఖాళీ అవుతాను, తెరవకపోతే తీగలు పోతాయి. అతని గుండె చప్పుడు నా గాజుకు తగులుతూనే ఉంది. నన్ను ఆమె చేతికిచ్చి, "తియ్యమ్మా" అన్నాడు.

రెండు స్టీలు గ్లాసుల్లో పోశారు. ముందు కొత్తది తాగాడు. "ఇది ఉత్త నీళ్లు కదమ్మా" అన్నాడు. తర్వాత నాలోది ఎత్తాడు. పెదవి తగలకముందే అతని చెయ్యి ఆగిపోయింది. పొద్దెక్కాక గుట్ట దిగి వచ్చినప్పుడు రెడ్డెమ్మ చేతుల మీద చెమటకు తడిసిన సున్నపు దుమ్ము ఉండేది. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని పీల్చిన ఆ వాసనే గ్లాసులోంచి వచ్చింది. కళ్లు మూసుకుని తాగాడు. ఆపైన ఏడ్చాడు.

"దాన్ని ఒకసారి ఊరంతా కలిసి పూడ్చినాం. రెండోసారి నేనొక్కడినే పూడ్చినానమ్మా."

"ఆ మట్టి తీసేస్తే తీగలను పీకనివ్వను" అంది మేడమ్. "కానీ వేర్లు పైకొచ్చేశాయి. మళ్లీ రాళ్లలోకి దిగడానికి ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేను."

నాలో మిగిలినదాన్ని అతను మూడు రోజులు గుక్కెడు గుక్కెడు తాగాడు. నాలుగో రోజు పార, గంప, నన్ను తీసుకుని, కూలీలను వెంటబెట్టుకుని గుట్టెక్కాడు. మొదలు నుంచి మొదలుకు వంగి, వేరు తెగకుండా మట్టి గీకి గంపకెత్తుతున్నాడు. నన్ను గట్టు మీది బండపై పెట్టాడు. మూత లేదు.

పొద్దు వాలాక గాలి దిగుతుంది. అప్పుడు నా నోట్లోంచి సన్నగా ఒక మూలుగు వస్తుంది. అది విని కూలీలు భయంతో పారలు వదిలేసి వెళ్లిపోతారు. అది గాలేనని నేను నమ్మాలి, నాలో చుక్క కూడా లేదు కదా. గంగులప్ప మాత్రం నడుము ఎత్తి, పెళ్లాం పిలిచినట్టే నా వైపు తిరుగుతాడు.

"వస్తాండా మే. ఇంగ నాలుగు గంపలే" అంటాడు.