సగం తొక్కితే వచ్చే చప్పుడు

మేస్త్రి కట్టిన ఇంజను ఏదైనా సరే, మొదటిసారి రోడ్డెక్కేటప్పుడు పక్క సీట్లో ఆయన భార్య ఉండాల్సిందే. పెళ్లయిన కొత్తల్లో, పాపం ఇంట్లో ఒక్కతే ఉంటుందని తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లకు అదే ఆనవాయితీ అయి కూర్చుంది. షెడ్డు వెనకే ఇల్లు, ఇంటి ముందుగదిలో ఆమె కుట్టుమిషను. ఆయన హారను కొడితే చాలు, పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసి, మెడలో టేపు మెడలో ఉండగానే వచ్చి కారెక్కుతుంది.

ఈసారి కారు పళ్ల డాక్టరమ్మది. చూడ్డానికి నలభై ఏళ్ల నాటి బుల్లి కారే గానీ, బానెట్ కింద ఉన్నది మాత్రం పందెపు ఇంజను. మూడు నెలలు కూర్చుని కట్టాడు. మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ దాన్ని తోలుకుంటూ కొండ పందేనికి వెళ్లాలి. కొండ ఎక్కడానికి పట్టేది నాలుగు నిమిషాలు, కొండ దాకా వెళ్లడానికి మూడు గంటలు.

ఊరి బయట ఎత్తు రోడ్డు మీద మేస్త్రి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాడు. కారు ఒక్క ఊపున పైకి పాకింది. ఆమె డోరు పిడి పట్టుకుంది. తరవాత ఆయన కాలు సడలించి, సగం తొక్కి, నెమ్మదిగా సాగనిచ్చాడు. అప్పుడు వినపడింది ఆమెకి. గుండుసూదుల డబ్బాని ఎవరో మెల్లిగా కదుపుతున్నట్టు, ముందు నుంచి, సన్నగా, ఆగకుండా.

"ఏమండీ, ఏదో చప్పుడు రావట్లేదూ?"

"చప్పుడా? నీ మిషను రొద నీ చెవుల్లోనే ఉండిపోయిందేమో చూసుకో," అని నవ్వాడాయన. "ఇంత గట్టి ఇంజను నేనెప్పుడూ కట్టలేదే. ఎంత ఇచ్చినా తీసుకుంటోంది!"

ఆ మాటతో ఆమె డోరు పిడి మళ్లీ పట్టుకుంది.

ఆయన పద్ధతి ఆమెకి తెలుసు. పక్కనుంచి చూసీ చూసీ నేర్చుకున్నదే. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే భాగానికి పక్కన చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దానికి రబ్బరు గొట్టం. ఇంజను గాలి పీల్చే దారిలోని లాగుడు ఆ గొట్టంలోంచి వచ్చి రవ్వని కాస్త ముందుకు జరుపుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఆ లాగుడు ఉండదు, డబ్బా నిద్రపోతుంది. సగం తొక్కితే లేస్తుంది. ఎంత లేవాలో చెప్పడానికి లోపల ఒక మర. మేస్త్రి ఆ మరని టిక్కుటిక్కుమనేదాకా తిప్పి, వినపడగానే ఒక చుట్టు వెనక్కి తెస్తాడు. రవ్వ తొందరపడిందని చెప్పేది ఆ టిక్కే. దాన్ని వదిలేస్తే పిస్టన్ చిల్లు పడుతుందని ఆమెకి చెప్పింది ఆయనే. ఆమెకది ఇట్టే అర్థమైంది. కుట్టుమిషనులోనూ అంతే, సూది దిగి, లేవబోయే క్షణాన కొక్కెం వచ్చి దారం అందుకోవాలి. తొందరపడితే సూది విరుగుతుంది.

టిక్కు వినపడలేదు కాబట్టి ఆయన తిప్పుతూనే పోయాడు. ఇంజను గట్టిదనుకున్నాడు.

ఫోను మోగినా పలకకపోతే పనిలో మునిగాడనుకుంది ఇన్నాళ్లూ. కూరగాయలవాడు గేటు గొళ్లెం ఆడించినా తల ఎత్తకపోతే పొగరనుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముప్పై ఏళ్లుగా "మేస్త్రి చెవి" అని ఊళ్లో పేరు. ఆ మనిషి మొహం మీద, మీకు చెవి పోయింది అని ఎలా అనడం? అనకపోతే రేపు మూడు గంటల దారీ సగం కాలు మీదే కదా.

మధ్యాహ్నం ఆయన ఫ్యాన్ బెల్టు కొనుక్కురావడానికి వెళ్లినప్పుడు ఆమె షెడ్డులోకి వచ్చి, ఆ రబ్బరు గొట్టం పీకేసి, దాని నోట్లో, తను బట్ట మీద గీతలు గీసే మార్కింగు పెన్సిలు ముక్క దూర్చింది. డబ్బా ఇంక లేవదు. టిక్కూ రాదు. కాస్త పెట్రోలు ఎక్కువ తాగితే తాగనీ అనుకుంది.

ఆయన వచ్చి బెల్టు వేసి ఇంజను ఆన్ చేశాడు. వంగి, అరచెయ్యి ఇంజను మూత మీద పెట్టాడు. అలాగే ఉండిపోయాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమైందండీ?"

"వణుకుతోంది. తిరుగుడు తగ్గింది." చెయ్యి గొట్టం వెంబడే వెళ్లి పెన్సిలు ముక్క దగ్గర ఆగింది. పీకి వెలుతురులో చూశాడు. "నాకు తెలిసి ఊళ్లో ఎర్ర మార్కింగు పెన్సిలు వాడేది ఒక్కరే."

"నేనే."

"ముప్పై ఏళ్లు పక్కన కూర్చున్నందుకు మేస్త్రివైపోయావా?"

"టిక్కు వస్తోందండీ. సగం తొక్కినప్పుడు. మీకు వినపడట్లేదు."

ఆయన ఇంజను ఆపేశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన వేలినే మళ్లీ తుడిచాడు. "నీ సూదుల డబ్బా పట్రా," అన్నాడు.

తెచ్చింది. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఊఁ, కదుపు."

ఆమె కదిపింది.

"కదపవేం?"

"కదిపానండీ. మూడుసార్లు."

గోడకి వేలాడేసిన స్పానరొకటి తీసి, మళ్లీ అదే మేకుకి తగిలించాడు. ఆమె దగ్గరికి వెళ్లబోయి, ఆయనకి అది నచ్చదని తెలిసి ఆగింది.

"రవ్వ మొదటి లెక్క లైటు వేసి, కంటితో చూసే పెట్టాను," అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "అదిప్పుడు ముట్టుకోనక్కర్లేదు. ఈ డబ్బా ఒక్కదాన్నే చెవితో చేశాను. పద, కారెక్కు. టిక్కు వచ్చినప్పుడల్లా గిల్లు."

"గిల్లడమేంటండీ, ఈ వయసులో!"

"నోటితో చెప్తే ఇంజను హోరులో వినపడి చావదు కదే."

గొట్టం మళ్లీ తగిలించి, ఎత్తు రోడ్డు మీద ఆయన సగం తొక్కాడు, ఆమె గిల్లింది. ఆపి, గొట్టం తీసి, మరని ఒక చుట్టు వెనక్కి తిప్పాడు. మళ్లీ గిల్లింది. మళ్లీ తిప్పాడు. పాలవాడు సైకిలాపి, ఈ ఇద్దరికీ ఏమైందా అని చూసి వెళ్లాడు. అయిదోసారి ఎత్తు దాటి, మలుపు కూడా దాటారు.

"గిల్లవేం?"

"రావట్లేదు."

"నిజంగానా, జాలిపడుతున్నావా?"

"జాలిపడితే ఇంకా గట్టిగా గిల్లేదాన్ని."

ఆయన మోచెయ్యి రుద్దుకున్నాడు. ఇంకో చుట్టు వెనక్కి తిప్పి, అప్పుడు ఇంటికి మళ్లించాడు.

సాయంత్రం డాక్టరమ్మ ఆస్పత్రి కోటు తియ్యకుండానే వచ్చింది. "బాబాయ్, నా గుర్రం రెడీనా?"

లోపల మేస్త్రి భార్య కత్తెర పక్కన పెట్టి వింటోంది. రెడీ అనేసి తాళం చేతిలో పెడితే అయిపోతుంది. కారు ఇప్పుడు బాగానే ఉంది, అడిగేవాళ్లు లేరు.

"రెడీయేనమ్మా," అన్నాడు మేస్త్రి. "కాకపోతే ఒక మాట. సన్న చప్పుళ్లు నాకు వినపడట్లేదు. ఇవాళే తెలిసింది. చివర సరిచేసింది మీ పిన్ని విని చెప్తే."

డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "డ్రిల్లు పెట్టీ పెట్టీ నాకూ ఒక చెవి మందగించింది బాబాయ్. పిన్నిని రేపు నాతో పంపించవా మరి?"

"నా జాకెట్లు ఎవరు కుడతారు, మీ బాబాయా?" అంది ఆమె లోపలినుంచి.

డాక్టరమ్మ నవ్వింది. తాళం తీసుకుని, కారు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. ఈసారి నవ్వట్లేదు. "బాబాయ్, మరి దీనికి ముందు చేసినవీ?"

 కారు వీధి చివర తిరిగాక మేస్త్రి స్టూలు మీద కూర్చుని వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. వానలు మొదలైనప్పటి నుంచి షెడ్డు దాటినవి నాలుగు. రంగుల కొట్టాయనది, ఈత మాస్టారిది, అన్నదమ్ములవి రెండు.

ఫోను తీసి ఆమెకిచ్చాడు. "నువ్వు చెప్పు."

"నేను చెప్తే మీరు మంచాన పడ్డారనుకుంటారు. మీరే చెప్పండి. స్పీకరు పెడతాను."

రంగుల కొట్టాయన ఎత్తాడు. మేస్త్రి గొంతు సవరించుకుని, వీధి వీధంతా వినేంత గట్టిగా మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, బండి ఒకసారి తీసుకురా. ఆఁ? బాగానే ఉందా? నా చెవికీ బాగానే ఉందయ్యా. మా ఆవిడ వినాలి."