పైకి చదివిన చీటీ

మా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేది బావ, చూపు పరీక్షించేది నేను. ఏడేళ్ళ క్రితం మా అక్క ఇల్లు వదిలి, మందులు వాడటం పాపమని బోధించే ఒక భక్త సంఘంలో చేరిపోయింది. బావ ఆ సంగతి ఎత్తడు. నేనూ అడగను. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. నా కోపానికి వేరే చోటు వెతుక్కుని, ఆ సంఘం చేసే పనులను బయటపెట్టే పేజీ ఒకటి ఆన్‌లైన్‌లో నడుపుతున్నాను. ఎనభై వేలమంది చదువుతారు.

సంఘంలో ఉంటూనే నాకు రహస్యంగా రాసేది ఒక దర్జీ. అక్కడ ప్రతివారం ప్రతి ఒక్కరూ తమ తప్పును పేరు లేకుండా చీటీ మీద రాసి పెట్టెలో వేయాలి. నమ్మకం ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో తాను వేసిన చీటీ ఫొటోను ఆమె పంపింది: ‘కూతురికి జ్వరం వస్తే చక్కెరలో మాత్ర పొడిచేసి ఇచ్చాను. ప్రసాదమని చెప్పాను.’

‘నేనని తెలియకుండా పెట్టండి. నెలాఖరుకు పాపను తీసుకుని బయటికి వచ్చేస్తాను’ అని రాసింది.

ఎంతో జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను. చేతిరాత కనిపించకూడదని మళ్ళీ టైపు చేశాను. పాప వయసు ఎక్కడా చెప్పలేదు. చక్కెర, మాత్ర, ప్రసాదం మాత్రం ఉంచేశాను. ఆ రెండు వాక్యాలు ఎవరి మనసునైనా కదిలిస్తాయి. ఎంతమంది పంచుకుంటారో కూడా ఊహించుకుంటూ పేజీలో పెట్టేశాను.

మూడోరోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

“పాపను ఇంకో కేంద్రానికి పంపేశారండీ. ఎక్కడికో చెప్పరు.”

“మీరని ఎలా తెలిసింది? చేతిరాత కూడా లేదు కదా!”

“ఆ చీటీ వేసిన వారమే అందరి ముందూ పైకి చదివారండీ. రాసినవాళ్ళు లేచి నిలబడాలి. నిలబడ్డాను. మీకు తెలుసు, వివరాలు మారుస్తారనుకున్నాను. మీ అక్కగారు ఉండేది ఇక్కడేగా?”

“ఇప్పుడు నన్నేం చేయమంటారు?”

“‘నేనే కల్పించి రాశాను’ అని పెట్టండి. సాయంత్రం ఐదులోపు పెడితే పాపను పంపిస్తామన్నారు.”

ఫోన్ పెట్టేసి బావకు చెప్పాను. ఆయన మిషన్ ఆపాడు.

“చీటీలు పైకి చదువుతారు కదరా. మీ అక్క కోసం ఆరు నెలలు నేనూ అక్కడికి పోయాను. నిద్ర ఎక్కువని రాసి మూడుసార్లు లేచి నిలబడ్డాను.”

“నాకెప్పుడూ చెప్పలేదేం బావా?”

“నువ్వెప్పుడడిగావు? ఎనభై వేలమందితో మాట్లాడేవాడివి, పక్క బల్ల దాకా రావడానికి తీరిక దొరకలేదు నీకు.”

రెండు గంటలకు ఆ సంభాషణ ముగిసింది. నాలుగున్నర దాకా ఒకే ఫ్రేమ్‌ను తుడుస్తూ కూర్చున్నాను, ఏమీ రాయలేదు. నిజాన్ని అబద్ధమని ఒప్పుకుంటే పేజీని ఇకపై ఎవరూ నమ్మరని, అక్కడ చిక్కుకున్న మిగతా తల్లులకు అన్యాయం జరుగుతుందని వాదించుకున్నాను. ఆ వాదనలో లోపమేమీ లేదు. అంత నిర్దుష్టంగా ఎలా కుదిరిందన్నదే నన్ను భయపెట్టింది. అందులో తల్లులందరూ ఉన్నారు, ఆమె లేదు. నా పేరు పోతుందన్న భయమొక్కటే దాని పునాది.

“ఆ ఫ్రేమ్‌ను ఇంకెంతసేపు తుడుస్తావురా? కస్టమర్ ముసలాడైపోతాడు” అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గించి, “రాసేయ్. తిట్లు తింటావు, అంతేగా” అన్నాడు.

‘ఆ చీటీ నేను కల్పించింది. క్షమించండి’ అని పెట్టాను. అప్పటికి ఐదు కావడానికి ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. తిట్లు వెంటనే మొదలయ్యాయి. సంఘం వాళ్ళు నా వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేసి పంచుకున్నారు. ఇన్నాళ్ళూ నన్ను నమ్మి తమ కథలు పంపినవారిలో కొందరు, తమవి కూడా కల్పితాలే అనుకుంటారేమోనని ఏడ్చారు.

మర్నాడు పొద్దున దర్జీ ఫోన్ చేసింది. వెనక ఒక పిల్ల గొంతు వినిపిస్తోంది.

“వచ్చిందండీ.”

“నన్ను... మీకు నేను చేసినదానికి...” అన్నాను.

“అవన్నీ తర్వాతండీ. రెండు రోజులుగా సరిగా తినలేదట. ముందు అన్నం పెట్టాలి.”

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. నెలాఖరుకు ఆమె పాపతో బయటికి వచ్చిందో లేదో నాకు తెలియదు.