మొదటి వంతు మనిషి

కస్టర్డ్ అడుగంటకూడదు. అడుగంటిందంటే పిల్లలు ముక్కు మూసుకుని పళ్ళాలు వెనక్కి తోసేస్తారు, ఆ పళ్ళాలు మళ్ళీ తనే కడగాలి. అందుకని నోరీన్ పెద్ద గిన్నె మీదికి వంగి, పొడుగు గరిటెను అడుగు దాకా దించి ఆపకుండా తిప్పుతోంది. ఆవిరికి ముఖం ఎర్రబడింది. జుట్టు మీది వలలోంచి జారిన నెరిసిన పాయ ఒకటి చెంపకు అంటుకుంది. ముంజేతి మీద పొయ్యి తలుపు కాల్చిన మచ్చలు పాతవీ కొత్తవీ వరసగా ఉన్నాయి. ఈ బడి వంటింట్లో చేరినప్పుడు ఆమెకు నడుమనేది ఒకటుండేది. ఇప్పుడు ఆప్రాన్ తాడు ముడి పడటమే కష్టం.

"ఏమే, ఆ గరిటె నీకేం అపకారం చేసింది? దాని ప్రాణం తీస్తున్నావు," అంది పక్కన జామ్ కేకు కోస్తున్న బెవర్లీ. ఇద్దరూ ఆ పొయ్యిల దగ్గరే ముసలివాళ్ళయ్యారు.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ ఆముదం తాగిన మొహం ఏమిటి? రేపటి నుంచి ఈస్టర్ సెలవులు. కాస్త నవ్వితే నీ సొమ్మేం పోదు."

నోరీన్ మంట తగ్గించింది. చెప్పకుండా ఉంటే బాగుండేది గానీ, పొద్దుటినుంచి దాచలేక దాచుకున్న మాట అది.

"ఇల్లు మార్పిడి చేసుకుందామనుకుంటున్నా."

బెవర్లీ కత్తి ఆగింది. "ఎక్కడికి?"

"కొండ మీది కౌన్సిల్ ఇళ్ళకి. మూడో అంతస్తు."

"లిఫ్టు?"

"లేదు."

"నీకు గానీ పిచ్చెక్కిందా? దొరక్క దొరక్క దొరికిన కిందిల్లు! ఈ మోకాళ్ళేసుకుని మూడంతస్తులు ఎక్కుతావా? నీ మోకాళ్ళ చప్పుడు నాకిక్కడికి వినిపిస్తుందే!"

"పైన గాలి బాగుంటుంది."

"గాలి కావాలంటే కిటికీ తెరుచుకోవే తల్లీ. గాలి కోసం కూర్చున్న కొమ్మ నరుక్కుంటారా ఎవరైనా?"

నోరీన్ మళ్ళీ గరిటె అందుకుంది. తను జవాబు చెప్పుకోవలసింది బెవర్లీకి కాదు, వేరే మనిషికి. ఇవాళ బడి మధ్యాహ్నమే వదిలేస్తారు. వదిలిన వెంటనే బస్సెక్కి, ఆ మూడో అంతస్తులో ఉండే క్లిఫర్డ్ స్టానిఫోర్త్ ఇంటికి వెళ్ళి చెప్పేయాలి. ముందు అబద్ధం సంగతి, తర్వాత మార్పిడి సంగతి. కౌన్సిల్ అద్దెదారులు ఇద్దరూ ఒప్పుకుంటే ఒకరిల్లు ఒకరు తీసుకోవచ్చు. ఆఫీసులో ముందే అడిగి తెలుసుకుంది కూడా. ఆ ముసలాయన కిందికి దిగాలి, తను పైకెక్కాలి. అప్పటికి గానీ తన కంటికి కునుకు పట్టదు.

కౌన్సిల్ ఇళ్ళు ఎలా ఇస్తారో ఈ షెఫీల్డ్ ఊళ్ళో అద్దెకుండే ప్రతివాడికీ తెలుసు. వారం వారం ఖాళీ ఇళ్ళు ప్రకటిస్తారు. కావలసినవాళ్ళు ఫలానాది నాకు కావాలని పేరిచ్చుకుంటారు. ఎవరి అవసరం ఎంత, ఎవరు ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నారు అన్నది చూసి వరస కడతారు. ఆ వరసలో ముందున్న ముగ్గుర్ని ఒకే రోజు, ఒకే వేళకు ఇల్లు చూడ్డానికి పిలుస్తారు. ఒకే పిల్లకి ముగ్గురు పెళ్ళికొడుకులు ఒకేసారి చూపులకొచ్చినట్టు ఉంటుంది ఆ తతంగం. మొదటి మనిషి అంతా తిరిగి చూసి అవునో కాదో చెప్పాలి. అప్పటిదాకా మిగతా ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి గోడల రంగు చూస్తూ ఉండాలి. మొదటి మనిషి అవునన్నాడా, వీళ్ళిద్దరూ వచ్చిన దారినే పోవాలి.

నోరీన్ ఎప్పుడూ రెండో మనిషే. పదేళ్ళకు పైగా అద్దెకున్న ఇంటిని యజమాని అమ్ముకున్నాక, పినతల్లి కూతురింట్లో సామాన్ల గదిలో మడత మంచం వేసుకుంది. పక్కనే ఇస్త్రీ బల్ల, నెత్తిమీద క్రిస్మస్ చెట్టున్న అట్టపెట్టె. చెల్లెలు ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ బాత్రూములో నోరీన్ కాస్త ఆలస్యం చేస్తే బయట దగ్గేది. ఆ దగ్గు భరించలేకే నోరీన్ వారం వారం పేరిచ్చుకునేది. వెళ్ళిన ప్రతిచోటా మొదటివాళ్ళు లోపల తిరుగుతూ "బాగుంది, బాగుంది" అనుకోవడం వినేది. ఇంటికెళ్ళే బస్సులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆమె ఏడవలేదు గానీ, ఏడిస్తే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

పోయిన సెప్టెంబరులో ఆ కిందిల్లు ప్రకటనలో వచ్చింది. బడికి రెండు వీధుల అవతల. వంటింటి కిటికీ మీద ఎండ, వెనక చారెడు పచ్చగడ్డి. నోరీన్ ముందుగా వెళ్ళి కిటికీ అద్దంలోంచి లోపలికి తొంగి చూసి, టీ కెటిల్ ఎక్కడ పెట్టాలో కూడా అనుకుంది. అప్పుడొచ్చాడు మొదటి వంతు మనిషి. పొడుగ్గా, ముందుకు వంగి, ఇల్లు చూడ్డానికే టై కట్టుకుని వచ్చాడు. కత్తులకు మెరుగు పెట్టే కార్ఖానాలో బతుకంతా పనిచేశాడట. వేళ్ళ గీతల్లో ఆ నలుపు ఇంకా ఉంది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వినిపించేది. పిట్టగోడ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత బండిలో బిడ్డనేసుకుని ఒక పిల్ల వచ్చి కాస్త దూరంగా నిలబడింది. తాళాలు తెచ్చే ఆవిడ ఇంకా రాలేదు.

"ఇక్కడి సంగతులు నీకు తెలుసా అమ్మాయ్?" అన్నాడు.

అరవైకి చేరువైన తనని అమ్మాయ్ అన్నందుకు నోరీన్‌కి నవ్వొచ్చింది. "ఆ బళ్ళోనే పని నాది."

"అయితే నువ్వు చెప్పాలి. నేను దేన్నయినా ఓర్చుకుంటాను గానీ గోలని ఓర్చుకోలేను. మిషను పక్కనే బతికానా, ఇప్పుడు ఎవరైనా తలుపు దబాలున వేస్తే గుండె నోట్లోకొస్తుంది. ఇక్కడ ఎలా ఉంటుంది?"

బాగుంటుంది అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ ఒక్క మాట రావలసిన చోట నోరీన్ కిటికీ కేసి చూసింది.

"రాత్రిళ్ళే కాస్త..." అంది.

"కాస్తంటే?"

"కుర్రాళ్ళు. ఈ గోడకే బంతి కొడుతుంటారు. కిందిల్లు కదా, అందరి కళ్ళూ దీనిమీదే. ఒకసారి తలుపుకి ఉత్తరాలు వేసే సందులోంచి టపాకాయలు కూడా వేశారు."

టపాకాయలు వేసిన మాట నిజమే. ఎప్పుడో, నవంబరులో ఇక్కడివాళ్ళు మంటలు వేసుకునే పండగ రాత్రి, అవతలి వీధిలో, వేరే ఇంట్లో. గోరంతను కొండంత చేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నోరీన్‌ది జారడం కూడా కాదు, చూసి చూసి వేసిన అడుగు అది.

ముసలాయన ఆమె చెయ్యి తట్టాడు. "మంచిదానివి తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పావు. ఈ రోజుల్లో ఎవరు చెబుతారు?"

తాళాలావిడ వచ్చింది. ఆయన లోపలికెళ్ళి గదులన్నీ తిరిగాడు. వంటింటి కిటికీ గట్టు మీద అరచెయ్యి ఆనించి, ఎండ ఉన్నంతమేరా నెమ్మదిగా నిమిరాడు. తర్వాత తల అడ్డంగా ఊపి, "నాకొద్దమ్మా," అన్నాడు. ఆవిడ నోరీన్ వైపు తిరిగి "మరి మీరు..." అనేలోపే నోరీన్ "నాకు కావాలి" అనేసింది.

ఇల్లు బంగారం లాంటిది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. చేరిన రోజునుంచీ సాయంత్రాలు కుర్చీలో కూర్చుని గోడకు బంతి తగిలే చప్పుడు కోసం చెవులు రిక్కించేది. ఒక్కసారైనా తగిలితే బాగుండునని కూడా అనుకుంది. ఒక్క బంతీ తగల్లేదు. పై అంతస్తు కుర్రాళ్ళు అడక్కుండానే ఆమె చెత్తడబ్బా వీధిలోకి లాగి పెట్టేవాళ్ళు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్ళు "గుడ్ మార్నింగ్" అన్నా ఆమె ముఖం పక్కకి తిప్పుకునేది.

క్రిస్మస్ ముందు బస్సులో కనిపించాడాయన. డ్రైవరు వెనక సీట్లో, కాళ్ళ దగ్గర రెండు సంచులు. గుర్తుపట్టగానే ఆయన ముఖమంతా విప్పారింది. "ఆ కొంప చివరికి నీకే తగిలిందా? అయ్యో తల్లీ! నిద్రయినా పడుతోందా?"

"అలవాటైపోయింది," అంది నోరీన్. బస్సులోంచి దూకేద్దామనిపించింది.

"నీ పుణ్యమా అని నేను బయటపడ్డాను. ఇప్పుడుండే మూడో అంతస్తులో చర్చిలో ఉన్నంత నిశ్శబ్దం అనుకో. ఒకసారి కాదన్నాక రెండోసారి కూడా కాదంటే వరసలో అడుక్కి తోసేస్తారు కదా, అందుకని ఇచ్చింది పుచ్చుకున్నాను. మెట్లొక్కటే... వారానికోసారి దిగుతాను. ఎక్కేటప్పుడు ఆగి ఆగి ఎక్కుతాను. తొందరేముంది, పైన రాణీగారేమైనా టీ పట్టుకుని నిలబడ్డారా?" నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా బస్సంతా ఇటే చూసింది. "ఒకసారి టీకి రామ్మా," అని ఇంటి గుర్తులు చెప్పాడు.

వస్తానంది. వెళ్ళలేదు. మంచు పడింది, రోడ్లు జారుతున్నాయి, మోకాలు వాచింది. వెళ్ళకూడదనుకునే మనిషికి సాకులకేం కొదవ? పోయిన నెల గ్యాసు పొయ్యి పరీక్ష చేయడానికి వచ్చినవాడు వంటిల్లు చుట్టూ చూసి, "అదృష్టవంతులమ్మా, ఇలాంటి ఇంటి కోసం జనం చచ్చిపోతున్నారు," అన్నాడు. మాటవరసకే అన్నాడు. అదిగో, అప్పటినుంచి నోరీన్‌కి ఆ ఇంట్లో తిన్నది ఒంటబట్టలేదు.

బడి వదిలారు. పళ్ళాలు కడగడం అయ్యాక నోరీన్ జామ్ కేకు పెద్ద ముక్క ఒకటి రేకు కాగితంలో చుట్టింది. వేడి కస్టర్డ్ సీసాలో పోసి తుండులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఎవరికే అదంతా? ముసలాణ్ణెవణ్ణయినా పట్టావా ఏమిటి?" అంది బెవర్లీ కోటు తొడుక్కుంటూ.

"పట్టాను. ఇంకా ఒప్పుకోలేదు," అంది నోరీన్. ఆ రోజంతటిలో ఆమె నవ్వింది అప్పుడే.

బస్సు కొండెక్కుతుంటే ఒళ్ళో సీసా వెచ్చగా తగులుతోంది. పెదాలు కదిలిస్తూ మాటలు కూర్చుకుంది. 'స్టానిఫోర్త్ గారూ, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. అక్కడ ఏ గోలా లేదు. ఆ ఇల్లు మీది.' తిడతాడేమో. తిట్టనీ. తిడితే బాగుండును కూడా. చెయ్యి తట్టి మంచిదానివి తల్లీ అంటే మాత్రం తను అక్కడే కూలిపోతుంది.

ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం చివరి ఇటుకల మేడ. గుమ్మం ముందు వ్యాను ఆగి ఉంది. ఒకతను పరుపును వీపు మీదికెత్తుకుని మెట్లు దిగి వచ్చి వ్యానులోకి తోశాడు. నుదురు తుడుచుకుంటూ నోరీన్‌ను చూశాడు.

"ఎవరింటికమ్మా?"

"మూడో అంతస్తు. స్టానిఫోర్త్ గారు."

అతను టోపీ తీశాడు. "బంధువులా?"

"కాదు. ఇల్లు చూడ్డానికెళ్ళినప్పుడు పరిచయం."

"పోయారమ్మా. ఆస్పత్రిలోనట. నేను కౌన్సిల్ తరఫున ఖాళీ చేయడానికొచ్చాను." ఊరడింపుగా ఏదో ఒకటి అనాలనిపించినట్టుంది. "మీరు ఇల్లు వెతుక్కుంటున్నారా? వచ్చేవారం ఇది ప్రకటనలో పడుతుంది. లిఫ్టు లేదు కదా, పెద్ద పోటీ ఉండదు. పేరిచ్చుకోండి."

"నాకు ఇల్లుంది," అంది నోరీన్. ఆ మాట తన చెవికే బూతులా వినిపించింది.

ఇక పైకి వెళ్ళి చేసేదేమీ లేదు. అయినా ఎక్కింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కింది. మొదటి అంతస్తుకే మోకాలు భగ్గుమంది. రెండో అంతస్తుకు చేరేసరికి ఊపిరందక గోడకు చెయ్యి ఆనించింది. అక్కడ మలుపులో, కిటికీ పక్కన, ఒక చెక్క కుర్చీ వేసి ఉంది.

ఎదురుగా తలుపు తెరుచుకుంది. తలకు గుడ్డ చుట్టుకున్న సోమాలియా ఆవిడ ఒకరు, చేతిలో గరిటెతోనే బయటికి తొంగి చూసింది.

"అయ్యో, ఆయాసపడుతున్నారు, కూర్చోండమ్మా. అది క్లిఫర్డ్ తాతది. సంచులు మోసుకొచ్చి ఇక్కడే కూర్చునేవాడు. నేను టీ ఇచ్చేదాన్ని. నీకెందుకమ్మా శ్రమ అంటూనే రెండు కప్పులు తాగేవాడు."

"ఈ మెట్లు... ఎప్పుడూ విసుక్కోలేదా?"

"విసుక్కోవడమా? గొప్పలు పోయేవాడు! కింద ఎక్కడో ఒక దిక్కుమాలిన ఇల్లు అంటగట్టబోతే ఎవరో మహాతల్లి కాపాడిందట. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. పాపం ఆ ఇల్లు ఆమెకే తగిలిందట. ఆమె ఎలా ఉందో అని దిగులు పడేవాడు."

నోరీన్ నోరు తెరిచింది. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ నాలిక చివరే ఉన్నాయి. వాటిని ఇవ్వడానికి ఇప్పుడు మనిషి లేడు. ఈవిడకి చెబితే తన బరువు దిగుతుందేమో గానీ, ఆ ముసలాయన ప్రేమగా మోసిన కథ పాడైపోతుంది. సంచిలోంచి కేకూ సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"పిల్లలకి పెట్టండి. ఇంకా వేడిగానే ఉంది."

"మీరెవరో చెప్పలేదు."

"రెండో వంతు మనిషిని," అంది నోరీన్. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, అయినా తలూపింది.

"కూర్చుని వెళ్ళండమ్మా, ఆ కుర్చీ ఎవరూ పట్టుకెళ్ళరు. గుమ్మం లోపలివే వాళ్ళు తీసుకెళ్తారట, మెట్ల మీదివి వాళ్ళవి కావట."

తలుపు మూసుకుంది. ఆ కుర్చీలో నోరీన్ కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని వచ్చిన మెట్లే మళ్ళీ దిగింది. పైన మలుపులో కుర్చీ కిటికీకేసి తిరిగి అలాగే ఉంది, కుర్చీ కాళ్ళకు తాడుతో కట్టిన దిండులో మనిషి కూర్చున్నంత మేరా నొక్కుకుపోయిన గుంటతో.